యంత్రములకు పొత్తు కుదురునా?

చీరాలలో కుప్పడము చీరెల వర్తకము చేయు మిత్రులొకరు మాకు గలరు. వారికి చీరాలలో నొక దుకాణమును, హైదరాబాదులో నొక దుకాణమును గలవు. రెండు దుకాణములకు నడుమ ఎల్లప్పుడును తెఱచియుండు మార్గమొకటి కావలెనని వారు తలచి, నెలకింతయని రుసుము కట్టుటకు ఒప్పుకొని, ఫైబరు తీగ మీద ప్రత్యేకమైన లైను నొకదానిని సంపాదించిరి. లైను తెఱచిన నాడే యొక వింత పొడచూపినది. చీరాలలో వ్రాసిన బిల్లు క్షణములో హైదరాబాదు చేరుచున్నది. సరకు పట్టీ చేరుచున్నది. ఉన్నావా యని ఈ యంత్రము ప్రశ్నించిన, ఉన్నానని ఆ యంత్రము బదులు చెప్పుచున్నది. కాని క్రొత్త చీరె అంచును ఫొటో తీసి పంపినచో అది మాత్రము బయలుదేరి నడుమ నెచ్చటనో అంతర్ధాన మగుచున్నది. చిన్న జాబు పోవును. పెద్ద జాబు పోదు.

ఈ మార్గములో మూడు కంపెనీలు చేసిన యంత్రములున్నవి. ఒకటి దుకాణములోనిది, ఒకటి ఊరిలోనిది, ఒకటి నగరములోనిది. ముగ్గురి మనుష్యులును వరుసగా వచ్చిరి. ప్రతివారును తమ యంత్రమునకు తమ పరీక్షా సాధనమును తగిలించి, పచ్చదీపమును చూపి, దోషము మా వద్ద లేదని చెప్పి వెడలిపోయిరి. వారు చెప్పినది అబద్ధము గాదు. ముగ్గురి యంత్రములును విడివిడిగా నిర్దుష్టములే. పని మాత్రము పందొమ్మిది దినములు సాగలేదు. ఆ కంపెనీల పేర్లు మే మిచట వ్రాయుట లేదు. ఏలయన ఈ తగవు వారిలో ఏ యొక్కరిదియు గాదు; ఇది ముగ్గురి నడుమ నున్న ఖాళీ జాగాలోనిది.

యంత్రశాస్త్రము మన కేల యని భూవసతి గలవారును, న్యాయవాదులును ఈ పుటను త్రిప్పివేయవలదని మనవి. గుంటూరు మిరప యార్డులోని నేటి ధర మీ చేతిలోనికి వచ్చుటయు, మీ భూమి అడంగలు నకలు మండల కార్యాలయములో దొరకుటయు, మీ బ్యాంకులోని సొమ్ము ఒక ఊరినుండి మఱియొక ఊరికి పోవుటయు ఇట్టి మార్గముల మీదనే జరుగుచున్నవి. వీటిలో పెక్కింటికి పెట్టుబడి ప్రజాధనమే. కనుక ఆ యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడగలవా లేదా యను ప్రశ్న ఇంజనీర్లదే గాక పన్ను కట్టువారిది కూడను. పన్ను దేనికని యడుగుట చీరాల వారికి క్రొత్త గాదు. 1921లో పురపాలక పన్నులకు లోబడుట కంటె ఇండ్లు వదలి రామనగరులో పందిళ్ళు వేసికొని నెలల తరబడి యుండుట మేలని దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట నడచిన వారి మనుమలు, మునిమనుమలు నేటికిని ఈ ఊర నున్నారు.

ఇక విషయమునకు వత్తము. నేడు లోకమంతట వార్తలను మోయుచున్న పద్ధతికి ఈథర్నెట్టు అని పేరు. 1973లో అమెరికాలో జెరాక్సు కంపెనీవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున రాబర్టు మెట్కాఫ్ దీనిని కల్పించెను. వెలుగును మోయు నొక సూక్ష్మద్రవ్యము లోకమంతట నిండి యున్నదని పూర్వపు పాశ్చాత్య భౌతికులు ఊహించి దానికి ఈథరని పేరిడిరి. ఆ పేరే దీనికి వచ్చినది. శబ్దమును ఆకాశగుణముగా నెంచిన మన తార్కికులకు ఈ పేరు విని నవ్వు వచ్చియుండును. 1983లో ఐఇఇఇ సంస్థవారు 802.3 అను సంఖ్యతో దీనికి ప్రమాణమును వెలువరించిరి. మొదట నిది ఒక భవనములోని యంత్రములను కలుపుటకు పుట్టినది. చౌకయై, సులభమై యుండుటచే క్రమముగా గోడలు దాటి, వీధులు దాటి, ఊళ్ళు దాటి, టెలిఫోను కంపెనీలు తమ ఖాతాదారులకు అమ్ము సరకైనది. అట్లు అమ్మదగినట్లుగా దానికి కట్టుబాట్లు ఏర్పఱచుటకు 2001లో మెట్రో ఈథర్నెట్ ఫోరమను సంఘము పుట్టినది. ఆ కట్టుబాట్లతో గూడిన దానినే క్యారియరు ఈథర్నెట్టు అందురు. ఇంటి బావికిని, జిల్లా కాలువకును గల భేద మెట్టిదో, ఈ రెంటికిని భేద మట్టిది. బావిలో నీరు తక్కువైన ఇంటివారు ఓర్చుకొందురు. కాలువకు మాత్రము వంతులు, లాకులు, లస్కర్లు, లెక్కలు కావలెను.

ఈ పద్ధతిలో వార్త యంతయు చిన్నచిన్న కవరులుగా విడగొట్టబడి పోవును. ఒక్కొక్క కవరునకు ఫ్రేమని పేరు. కవరు లోపల పట్టు సరకు 1500 బైట్లు, పైన చిరునామాకును, తుది సరిచూపునకును 18, మొత్తము 1518. పలువురు ఖాతాదారుల కవరులు ఒకే తీగ మీద పోవునపుడు ఎవరివి వారికి చేరుటకై 4 బైట్ల చీటీ నొకదానిని అంటింతురు. దీనిని ట్యాగు అందురు. అప్పుడు కవరు 1522 అగును. ఖాతాదారు తనకై ఒక ట్యాగు అంటించుకొనగా, కంపెనీవారు దానిపై తమ ట్యాగును కూడ అంటించినచో 1526 అగును. ఇప్పుడు మా మిత్రుని చీరె అంచు ఎచ్చట మాయమైనదో పాఠకులు ఊహింపగలరు. నడిమి యంత్రము 1522 వఱకు లోనికి రానిచ్చునట్లు అమర్చబడి యున్నది. బిల్లు చిన్నది గనుక దాని కవరులు ఆ ద్వారమున సులభముగా దూరుచున్నవి. ఫొటో పెద్దది, దాని కవరులన్నియు నిండుకవరులు. నాలుగు బైట్లు ఎక్కువైనందున అవి ద్వారము కడ పాఱవేయబడుచున్నవి. పాఱవేసితినని ఆ యంత్రము ఎవరికిని చెప్పదు. చెప్పవలయునను నియమము ఆ మెట్టున లేదు.

ఇట్టి తగవులు ఎన్నియో కలవు. పై ట్యాగు మొదట దాని జాతిని తెలుపు సంఖ్య యొకటి యుండును. ఖాతాదారుని ట్యాగునకు 8100 అను సంఖ్య స్థిరపడినది. కంపెనీ ట్యాగునకు 88ఏ8 అను సంఖ్య వాడవలెనని 2005 నాటి 802.1ఏడీ అను ప్రమాణము విధించినది. కాని ప్రమాణము పుట్టకముందే యంత్రములు పుట్టినవి! అప్పటికే కొందఱు 8100నే రెండుమారులు వాడుచుండిరి. కొందఱు 9100 అని తమకు తోచిన సంఖ్యను పెట్టుకొనిరి. ఒకరి చీటీని మఱియొకరు చూచి ఇది చీటీయే కాదనుకొందురు. నేటి యంత్రములలో ఈ సంఖ్యను మార్చుకొను వెసులుబాటు సామాన్యముగా నున్నది. అయినను మార్చవలెనని తెలిసినవాడు ఆ చోట నుండవలె గదా.

మిరప రైతులకు చప్పున బోధపడు తగవు మఱియొకటి గలదు. కంపెనీవారు సెకనునకు ఇన్ని మెగాబిట్లు ఇత్తుమని మాట యిచ్చెదరు. ఆ మాటను నిలుపుటకు యంత్రము ప్రతి ఫ్రేమును తూచి లెక్క కట్టును. తూకములోనే తిరకాసు. తీగ మీద ప్రతి ఫ్రేమునకు ముందు హెచ్చరిక గుర్తులును, వెనుక ఖాళీయును కలిసి 20 బైట్ల చోటు పట్టును. ఒక యంత్రము ఈ 20ని కలిపి తూచును; మఱియొకటి తీసి తూచును. బస్తాతో తూచుటయా, బస్తా తరుగు తీసి తూచుటయా యని యార్డులో జరుగు వాదమే యిది. పెద్ద ఫ్రేములలో తేడా కనబడదు. 64 బైట్ల చిన్న ఫ్రేములలో అది నూటికి 31 వంతులగును. ఒక చివర యంత్రము పంపినది న్యాయమని యెంచును. రెండవ చివర యంత్రము అదే సరకును అధికమని కోసివేయును. ఖాతాదారుడు టెలిఫోనులో మాటలు తెగిపోవుచున్నవని మొఱపెట్టుకొనును. టెలిఫోను మాటలు చిన్న కవరులలోనే పోవును గనుక ఆ కోత మొదట వానికే తగులును.

ప్రమాణము లున్నవి గదా, అందఱును వానినే అనుసరించిన ఈ చిక్కులేల యని యడుగువారుందురు. ఇది మంచి ప్రశ్నయే. చీరాల సాలె సోదరులు దీనికి మాకంటె బాగుగ బదులు చెప్పగలరు. రెండు మిల్లుల నూలు మీదను 80 నెంబరనియే యుండును. రెండును నెంబరునకు సరిపోవును. అయినను పడుగు నొకదానితోను, పేక నొకదానితోను వేసి నేసి చూచిన గాని గుడ్డ యెట్లు వచ్చునో తెలియదు. ప్రమాణ గ్రంథములు ఒక కాలములో ఒకచోట వ్రాయబడినవి గావు. వానిలో విధిగా చేయదగినవి కొన్ని, ఇష్టము వచ్చిన చేయదగినవి కొన్ని, వ్రాయుట మఱచినవి కొన్ని. లైను బాగున్నదా యని యంత్రములు పరస్పరము విచారించుకొను పద్ధతికి రెండు గ్రంథములున్నవి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము 2006లో వై.1731 అనియు, ఐఇఇఇ 2007లో 802.1ఏజీ అనియు వెలువరించినవి. రెండును ఒకే రీతి పలుకులను వాడును. ఆ పలుకు సెకనులో మూడువందల పర్యాయములు వఱకు పోవచ్చును. వరుసగా మూడు పలుకులు రానిచో లైను తెగినదని తీర్మానింతురు. కాని తమ సమూహము పేరు వ్రాయు తీరులో రెండు గ్రంథములకు భేదము గలదు. ఒకరు ఒక తీరున పేరు వ్రాసి పలుకరింపగా, రెండవవాడు ఇతడు మనవాడు గాడని గగ్గోలు పెట్టును. లైను చెక్కుచెదరక యున్నను ఎఱ్ఱదీపము వెలుగును. ఇచట ఎవరును ప్రమాణమును తప్పలేదు.

అందువలననే ఒక్కొక్క యంత్రమును ప్రమాణముతో పోల్చి చూచుట వేఱు, రెండు యంత్రములను ఎదురెదురుగా పెట్టి మాటలాడించి చూచుట వేఱు. మెట్రో ఈథర్నెట్ ఫోరమువారు 2005లో మొదలిడి ఇచ్చుచు వచ్చిన యోగ్యతా పత్రములు మొదటి జాతివి. మన దేశమున ఢిల్లీలోని టెలికమ్యూనికేషను ఇంజనీరింగు కేంద్రమువారి పర్యవేక్షణలో, 2017 నాటి టెలిగ్రాఫు నిబంధనల సవరణను బట్టి నడచు విధిపరీక్షయు ప్రధానముగా ఆ జాతిదే. రక్షణ, విద్యుత్తు, ప్రసారము మొదలగు విషయములలో ఆ పెట్టె యోగ్యమా కాదా యని అది చూచును. అది అవసరమే, దానిని మేము తక్కువ చేయుట లేదు. వరునకు జాతకము చూచి, వధువునకు జాతకము చూచి, రెంటిని కలిపి చూడకుండ లగ్నము పెట్టినట్లున్నదని మాత్రము చెప్పక తప్పదు.

కలిపి చూచుట యెట్లుండునో కొంత వివరింతుము. జర్మనీ దేశమున బెర్లిను నగరములో 1991లో స్థాపింపబడిన ఈఏఎన్‌టీసీ అను పరీక్షాలయము కలదు. అంగడిలో ఒకరినొకరు ఓర్వలేని కంపెనీలు తమ యంత్రములను పెట్టెలలో పెట్టి అచటికి పంపి, తమ ఇంజనీర్లను వెంట పంపును. ఒకే హాలులో బీరువాల వరుసలలో ఆ యంత్రములన్నియు ఎక్కును. నడుమ తీగలు. ఏ యంత్రమును ఏ యంత్రముతో కలుపవలెనో, ఏ పరీక్ష పెట్టవలెనో ముందుగనే పట్టికలు వేయుదురు. ఫ్రేములను అవిచ్ఛిన్నముగా పంపు సాధనమును ఒక వంకను, లెక్కించు సాధనమును ఒక వంకను తగిలించి, ఇన్ని పంపితిమి, ఇన్ని చేరినవి, ఇంత ఆలస్యమైనదని గుర్తింతురు. తరువాత కావలెనని నడిమి తీగను లాగివేయుదురు. ఎన్ని క్షణభాగములలో రెండవ దారి పట్టినదో చూతురు. కుదరనిచో ఇద్దఱు ప్రత్యర్థుల ఇంజనీర్లును ఒకే బల్ల యొద్ద కూర్చుండి, ఒకరి ఫ్రేములోని అంకెలను మఱియొకరు చదివి, రాత్రికి రాత్రి ప్రోగ్రాములను దిద్దుకొందురు. అంగడిలో నెలలు పట్టు తగవు అచట ఒక పూటలో తీఱుటకు కారణ మిదియే.

ఆ పరీక్షలో నొక మర్యాద గలదు. అది మాకు మిక్కిలి నచ్చినది. కుదిరిన జంటల పేర్లు మాత్రమే నివేదికలో అచ్చగును. కుదరని వానిని గూర్చి ఇట్టి చిక్కు కనబడినదని వ్రాయుదురు గాని ఎవరిదో వ్రాయరు. లోపమును దాచుట గదా యని కోపించువారుందురు. మేమును మొదట అట్లే తలచితిమి. కాని పేరు బయటపడునని తెలిసిన ఏ కంపెనీయు తన యంత్రమును పరీక్షకు తీసికొని రాదు. రానిచో లోపము మన ఊరి బజారులోనే బయటపడును. పేరు కనబడని జంటను గూర్చి కొనువాడు ప్రశ్నింపవచ్చును; ఆ హక్కు వానికి మిగిలియే యున్నది.

అమెరికాలో న్యూహాంప్‌షైరు విశ్వవిద్యాలయమున 1988లో పుట్టిన పరీక్షాలయము తీరు వేఱు. అచట పరీక్షలు చేయువారిలో పెక్కురు విద్యార్థులు. కంపెనీలు చందాలు కట్టి తమ యంత్రములను పంపగా, పిల్లలు వానిని త్రిప్పి మళ్ళించి, కలిపి విడదీసి, లోపములు పట్టుకొని, అదే విద్యగా నేర్చుకొని బయటికి వచ్చుచున్నారు. బాపట్ల, చీరాల, గుంటూరులలో ఇంజనీరింగు కళాశాలలకు కొదువ లేదు. వానిలో చదువు ముగించుకొని బెంగళూరు, హైదరాబాదుల దారి పట్టు యువకులకును కొదువ లేదు. ఈ రెండు విషయములను ప్రక్క ప్రక్కన పెట్టి చూచువారు ప్రభుత్వములో నొకరైన నుండవలెనని మా కోరిక.

మన రాష్ట్రము సంగతికి వత్తము. 2015 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఫైబరునెట్ సంస్థ యేర్పడినది. భూమి త్రవ్వి తీగ పాతుటకు బదులు, ఉన్న విద్యుత్తు స్తంభముల మీదనే సుమారు 24 వేల కిలోమీటర్ల ఫైబరును లాగిరి. విద్యుత్తు సబ్‌స్టేషనులనే యంత్రముల స్థానములుగా చేసిరి. అప్పట్లో నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును ఇచ్చిన ఈ యేర్పాటును 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ జాతికి అంకితము చేసిరి. కేంద్రమువారి పథకము దీనికి సమాంతరముగ నున్నది. 2011 అక్టోబరులో ఆమోదింపబడి, తరువాత భారత్‌నెట్ అని పేరు మార్చుకొన్న ఆ పథకము గ్రామ పంచాయతీలకు ఫైబరును చేర్చుటకు ఉద్దేశింపబడినది. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము 1,39,579 కోట్ల రూపాయలతో దానికి సవరించిన కార్యక్రమమును ఆమోదించినది. మొదటి కట్టుబాటులో తీగ చెట్టుకొమ్మవలె మండలమునుండి పంచాయతీకి పోవును. కొమ్మ విరిగిన ఆకులన్నియు రాలును. క్రొత్త కట్టుబాటులో పంచాయతీలను వలయముగా చుట్టి రావలెనని నిర్ణయించిరి.

వలయ మేల యని మన తీరవాసులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్లకు దక్షిణముగా తీరము దాటినది. స్తంభముల మీది తీగకు గాలి శత్రువు. స్తంభము పడిన తీగ తెగును. తీగలు వలయముగా నున్నచో ఒకచోట తెగినను రెండవ వంకనుండి వార్త నడచును. ఈథర్నెట్టు వలయములకు జి.8032 అను ప్రమాణము కలదు. మామూలు దినములలో వలయమున నొక లంకెను మూసియుంచి, తెగినచోటు తెలిసిన వెంటనే దానిని తెఱచి, సెకనులో ఇరువదవ వంతు లోపల దారి మార్చవలెనని దాని లక్ష్యము. కాని ఆ వలయములో నాలుగు యంత్రము లొకరివి, రెండు మఱియొకరివి యైనపుడు, తెగినదను కేక నందఱును ఒకే రీతిని విని, ఒకే క్షణమున కదలవలెను. ఈ ప్రమాణమునకు 2008లో మొదటి కూర్పును, 2010లో రెండవ కూర్పును వచ్చినవి. పాత కూర్పు యంత్రమును క్రొత్త కూర్పు యంత్రమును ఒకే వలయమున కూర్చుండబెట్టి, తుపానునకు ముందే తీగ లాగి చూచితిరా? ఏ ప్రభుత్వమునైనను అడుగదగిన ప్రశ్న యిది. ఇంటిలోని పెట్టె విషయము కూడ నిట్టిదే. ఫైబరు కొనను ఇంట నుండు పెట్టెయు, వీధి మొదట నుండు పెద్ద పెట్టెయు ఒకే ప్రమాణమునకు చెందినవైనను, రెండును వేఱు వేఱు కంపెనీలవైనచో పని చేయునని ముందుగా పరీక్షింపక ఎవరును పూచీ పడజాలరు. ఒక కంపెనీ పెట్టెలు అంగడిలో అయిపోయిన, మఱియొక కంపెనీ పెట్టెను తెచ్చి తగిలించుటకు వీలు పడదు.

ఒకరి చేతిలోనే యుండుట యొక సుఖమని వాదించువారు కలరు. యంత్రములన్నియు ఒకే కంపెనీవైన తగవు లుండవు, తప్పు వచ్చిన ఒక్కని మెడ పట్టుకొనవచ్చును అందురు. ఈ వాదములో కొంత సత్యము లేకపోలేదు. మా మిత్రుడు పందొమ్మిది దినములు ముగ్గురి గుమ్మములు త్రొక్కుచు ఇదే మాట యనెను. ఒక చిన్న కార్యాలయమునకు, ఒక ఆసుపత్రికి ఆ మార్గమే తగును. కాని రాష్ట్రమంతటికి పఱచు వల పది యిరువది యేండ్లుండును. అన్నాళ్ళు ఒకని నియమమునకు, ఒకని ధరకు, ఒకని మనుగడకు కట్టుపడియుండుట వేఱు సంగతి. అమెరికావారి యనుభవము చూడుడు. రక్షణ కారణములచే కొన్ని విదేశీ కంపెనీల యంత్రములను పెఱికివేయవలెనని అచట 2020లో చట్టము చేసి, చిన్న టెలిఫోను కంపెనీలకు పరిహారముగా తొలుత 190 కోట్ల డాలర్లు కేటాయించిరి. అది చాలక 2024 డిసెంబరులో మఱికొంత సొమ్ము మంజూరు చేయవలసి వచ్చెను. మన దేశమున కూడ 2021 జూను 15 నుండి టెలిఫోను కంపెనీలు నమ్మదగిన మూలములనుండియే క్రొత్త యంత్రములు కొనవలెనను ఆదేశము అమలులోనికి వచ్చినది. నిన్నటి కంపెనీవాడు రేపు ఉండకపోవచ్చునన్నమాట. అతని స్థానమున మఱియొకని తెచ్చిన, మిగిలిన యంత్రములు వానితో మాటలాడవలె గదా.

పొత్తు లేనందున కలుగు నష్టము తంతివార్తల కాలము నుండియు నున్నదే. ఐరోపాలో తొలినాళ్ళ తంతివార్త దేశపు సరిహద్దు వఱకు తీగ మీద వచ్చి, అచట కాగితము మీద వ్రాయబడి, ఆవలి దేశపు గుమాస్తా చేతిలో పెట్టబడి, మరల తీగ నెక్కుచుండెడిది. ఈ అవస్థను తొలగించుటకే 1865లో పారిసులో 20 దేశములు కూడి అంతర్జాతీయ టెలిగ్రాఫు సంఘమును స్థాపించినవి. నేటి టెలికమ్యూనికేషను సంఘము దాని సంతతియే. అంత దూరమేల? గుంటూరునుండి గుంతకల్లునకు పోవు రైలుమార్గము 1990ల వఱకు మీటరు గేజిగనే యుండెను. చీరాల మీదుగా పోవునది బ్రాడ్ గేజి. ఆ దారిన వచ్చిన సరకు ఒక బండి నుండి దించి మఱియొక బండి కెక్కించుటకు పట్టిన కూలి, కాలము, చినిగిన గోనెలు ఎవరి లెక్కలో వ్రాయబడినవి? పెద్దలు దానిని మఱచియుండరు.

మనవారికి ఇది చేతగాని పని యని యనుకొనవలదు. చేసి చూపిన యుదాహరణము తెలుగు నేలమీదనే కలదు. రైళ్ళు ఢీకొనకుండ కాపాడు కవచ్ అను సాధనమును లక్నోలోని రైల్వే పరిశోధనా సంస్థ భారతీయ కంపెనీలతో కలిసి రూపొందించినది. ఆ కంపెనీలు మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్ పవర్ సిస్టమ్స్, కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్ అనునవి మూడును హైదరాబాదువే. ఒకరి సాధనము ఇంజనులోను, మఱియొకరి సాధనము స్టేషనులోను ఉండవచ్చును. రెండును గాలిలో రేడియో పలుకులతో మాటలాడుకొనవలెను. ఇచట ఒక అంకె తప్పిన మాయమగునది చీరె అంచు గాదు. అందుచే ఆ ముగ్గురును ఒకే నియమ గ్రంథమునకు కట్టుపడి, దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి, వికారాబాదు, వాడి, బీదరు మార్గములలో తమ సాధనములను కలిపి నడపిరి. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్ళమీద పరీక్షలు మొదలైనవి. 2020 జులైలో దీనిని జాతీయ పద్ధతిగా అంగీకరించిరి. 2022 మార్చి 4వ తేదీన గుల్లగూడ, చిట్గిద్ద స్టేషనుల నడుమ ఎదురెదురుగా రెండు ఇంజనులను నడపి, రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఒకదానిలో తామే యెక్కి చూచిరి. బండి తనంతట తానే ఆగినది. దీనికి పట్టిన కాలము అధికమని విమర్శించువారున్నారు. ఆ విమర్శ న్యాయమే. కాని ముగ్గురు పోటీదారులను ఒక దారి మీద నడపుట ఎట్లో ఆ యేండ్లలో మన ఇంజనీర్లు నేర్చుకొనిరి. ఆ విద్య ఫైబరు వలలకు ఏల పనికిరాదు?

కనుక మా సూచన పెద్దది గాదు. ప్రజాధనముతో కొను ప్రతి వలకు సంబంధించిన టెండరులో, ఈ యంత్రము ఈ ప్రమాణమునకు లోబడునని వ్రాయించుకొనుటతో తృప్తిపడక, ఇదివఱకే స్థాపించియున్న మఱియొక కంపెనీ యంత్రముతో కలిపి మా యెదుట నడపి చూపవలెనని వ్రాయవలెను. చూపవలసిన పరీక్షలను పేరుపేరున చెప్పవలెను: రెండు ట్యాగులతో నిండుకవరు పోవునా, చిన్న కవరులలో తూకము సరిపోవునా, తెగిన తీగ వార్త రెండు చివరలకును ఒకేమారు అందునా. సొమ్ములో నొక భాగము ఆ పరీక్ష ముగియువఱకు చెల్లింపక నిలుపుకొనవలెను. దీనికి కాలమును వ్యయమును పట్టును. టెండరు పిలుచు అధికారులు విసుగుకొందురు. ఇప్పుడు ఆ వ్యయమును ఖాతాదారుడు దినముల లెక్కన మోయుచున్నాడు, అంతే భేదము. మగ్గము మీద పాత పడుగు అయిపోవచ్చినపుడు క్రొత్త పడుగు పోగులను పాతవానితో ఒక్కొక్కటిగా మెలివేసి కలుపుదురు. అచ్చు అతుకుట అందురు. ఆ కూలి మిగిల్చుకొందమని తలచిన సాలెవాడు చీరాలలో మాకు కనబడలేదు.

మా మిత్రుని కథ మిగిలి యున్నది. ఇరువదవ దినమున నగరమునుండి నాలుగవ మనుష్యు డొకడు వచ్చెను. యువకుడు. అతడు దీపములను చూడలేదు. చీరాలలో నుండి కవరు పరిమాణమును కొంచెము కొంచెముగా పెంచుచు పంపి, ఎచ్చట తెగునో గుర్తించెను. ఆ సంఖ్యను కాగితముపై వ్రాసి, నడిమి యంత్రపు యజమానులకు టెలిఫోను చేసి, మీ ద్వారమును 2000 బైట్లకు విప్పుడని కోరెను. వారు విప్పిరి. పది నిమిషముల పని. కుప్పడము చీరె అంచు హైదరాబాదు చేరినది. నాటినుండి మా మిత్రుడు ప్రతి సోమవారము దుకాణము తెఱువగానే, బిల్లు వ్రాయుటకు ముందు, తన సరకులో మిక్కిలి పెద్ద ఫొటో నొకదానిని పంపి, అది చేరినదని హైదరాబాదునుండి మాట వచ్చిన పిమ్మటనే బేరమునకు కూర్చుండుచున్నాడు.